మోకాలు మొరాయిస్తే...

జుమా రోజున మదనపల్లెలోగాని, పుంగనూరులోగాని మసీదుకు వెళ్లినవారికి వరుసల చివర గోడవారగా వేసిన కుర్చీలు కనిపిస్తాయి. వాటిలో కూర్చున్న పెద్దలను పలకరిస్తే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "ఘుట్నోఁ మే దర్ద్ హై బేటా, సజ్దాకు వంగలేను." ఇళ్లలో అమ్మీలు, దాదీలు, నానీలు పడే బాధ ఇంతకన్నా తక్కువేమీ కాదు. కాకపోతే వారి కుర్చీ వంటింట్లోనో, పడకగదిలోనో ఉంటుంది గనుక నలుగురి కంటా పడదు.

ఈ మోకాళ్లలో వేటికి ఆపరేషన్ అవసరం? వేటికి అవసరం లేదు? ఈ ప్రశ్నకు మన కుటుంబాల్లో జవాబు తరచు తలకిందులుగా ఉంటున్నది. ఏళ్ల తరబడి మెల్లగా అరిగిన మోకాలికి ఆపరేషన్ తప్పదేమోనని రాత్రింబవళ్లు దిగులు పడతారు. స్కూటరు మీదినుంచి పడి గంటలో గుమ్మడికాయలా వాచిన మోకాలికి మాత్రం పసరు కట్టు కట్టి పదిహేను రోజులు మంచం మీద పడుకోబెడతారు. నిజానికి తొందరపడవలసింది రెండోదాని విషయంలో.

ఆసుపత్రికి వెళ్లినవారు కూడా "డాక్టర్ సాబ్, భరించలేనంత నొప్పి" అనే చెబుతారు తప్ప ఇంకేమీ చెప్పరు. నొప్పి ఎంత ఉన్నదన్నది మంచి కొలబద్ద కాదు. బెణికిన మోకాలు ఒక్కోసారి ప్రాణం తోడేస్తుంది. లిగమెంటు పూర్తిగా తెగిన మోకాలు వారం తిరిగేసరికి నొప్పి తగ్గి, "నయమైపోయింది" అనే భ్రమ కలిగిస్తుంది. కాబట్టి మోకాలు ఎంత నొస్తున్నదని కాదు, ఏ పని చేయలేకపోతున్నదని చూడాలి. ఈ పరిశీలనకు డిగ్రీలు అక్కర్లేదు. ఇంట్లోవారే చేయవచ్చు.

ముందుగా దెబ్బల సంగతి. మదనపల్లె టమాటా మార్కెట్‌లో క్రేట్లు మోసే హమాలీ కాలు జారవచ్చు. కుప్పంలో కదులుతున్న బెంగుళూరు రైలు అందుకోబోయి కుర్రవాడు ప్లాట్‌ఫారం మీద పడవచ్చు. క్రికెట్ ఆడుతూ కాలు నేలలో పాతుకుపోయి ఒళ్లు మాత్రం తిరిగిపోవచ్చు. ఇటువంటప్పుడు ఎముక విరిగిందా లేదా, ఎక్స్‌రే కావాలా వద్దా అని తేల్చుకోవడానికి కెనడాలోని ఒట్టావా వైద్యులు 1995లో కొన్ని సులువైన గుర్తులు ప్రకటించారు. దెబ్బ తగిలిన వెంటనేగాని, ఆసుపత్రికి చేరాకగాని కుంటుతూనైనా 4 అడుగులు వేయలేకపోవడం, మోకాలిని లంబకోణం వరకు మడవలేకపోవడం, కేవలం మోకాలి చిప్ప మీద నొక్కితే నొప్పి, మోకాలి కింద బయటివైపు ఉండే చిన్న ఎముక తల మీద నొక్కితే నొప్పి, వయస్సు 55 లేక అంతకు పైబడి ఉండటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీయించవలసిందే. నాలుగు అడుగుల పరీక్ష ఒక్కటి గుర్తుంచుకున్నా చాలా మేలు.

ఎక్స్‌రే తీయించేదాకా కూడా ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. దెబ్బ తరువాత పాదం చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కి వేళ్లు కదలకపోయినా మోకాలి వెనుక రక్తనాళం నలిగిందేమోనని అనుమానించాలి. అప్పుడు కాలు దక్కడం గంటల మీద ఆధారపడి ఉంటుంది. 108కి ఫోన్ చేయాలి. వెల్లకిలా పడుకుని, మోకాలు మడవకుండా కాలిని పైకి ఎత్తమంటే మడమ పరుపు వదిలి లేవడం లేదంటే మోకాలి చిప్పగాని, దాన్ని పట్టి ఉంచే నరంలాంటి గట్టి బంధనంగాని తెగి ఉండవచ్చు. దీనికి మొదటి వారాల్లో ఆపరేషన్ చేస్తే కాలు బాగుపడుతుంది. నెలలు గడిస్తే కండరం ముడుచుకుపోయి అదే ఆపరేషన్ కష్టమవుతుంది.

ఇక మూడోది అసలు దెబ్బే లేకుండా వస్తుంది. మోకాలు ఎర్రబడి, చేయి వేస్తే కాలిపోతూ, జ్వరం కూడా ఉంటే కీలులో చీము పట్టిందేమోనని భయపడాలి. షుగర్ ఉన్నవారిలో దీనికి అవకాశం ఎక్కువ. చిన్నపిల్లల్లోనూ వస్తుంది. జ్వరంతో ఉన్న పిల్లవాడు కాలు కింద మోపనని మారాం చేస్తే అది మారాం కాకపోవచ్చు. చీము కొన్ని రోజుల్లోనే కీలులోని గుజ్జును తినేస్తుంది. దాన్ని కడిగి శుభ్రం చేసే ఆపరేషన్ అదే రోజు జరగాలి. దువాతోపాటు ఆసుపత్రి ప్రయాణమూ అదే పూట జరగాలన్నమాట.

ఇక్కడ పుత్తూరు కట్టు ప్రస్తావన తప్పదు. మన చిత్తూరు పడమటి మండలాల్లో ఎముక దెబ్బ అనగానే మొదట గుర్తుకొచ్చేది పుత్తూరు పక్కనున్న రాచపాళెం. వందేళ్లకు పైబడిన పేరు అది. పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ పెట్టి కట్టే ఆ కట్టు కోసం రాష్ట్రాలు దాటి వచ్చేవారున్నారు. పక్కకు జరగని విరుగుళ్లు కదలకుండా ఉంచితే అతుక్కుంటాయన్నది వైద్యులూ ఒప్పుకునే మాటే. కానీ మోకాలి సంగతి వేరు. అక్కడ విరుగుడు కీలు లోపలికి పాకితే, రెండు ఎముకల కొసలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. లేకుంటే నడిచిన ప్రతి అడుగూ గుజ్జును గీరుతుంది. లోపల తెగిన లిగమెంటును పైన కట్టిన ఏ కట్టూ కుట్టలేదు. పైగా వాపు పెరుగుతున్న కాలికి బిగుతైన కట్టు రక్తప్రసారాన్ని ఆపుతుంది. కట్టు ఎవరు కట్టినా సరే, వేళ్లు నీలబడినా, నొప్పి తగ్గే బదులు పెరుగుతున్నా వెంటనే విప్పించాలి. పుత్తూరుకు వెళ్లదలచినవారు ఎక్స్‌రే తీయించి, ఎముకల డాక్టరుకు చూపించిన తరువాతే వెళ్లాలని మా అభిప్రాయం.

ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా గాయం లేదని కాదు. దెబ్బ తగిలినప్పుడు లోపల "టప్"మని శబ్దం వినిపించి, ఒకటి రెండు గంటల్లోనే మోకాలు వాచి, ఆ తరువాత మెట్లు దిగేటప్పుడో, గబుక్కున మలుపు తిరిగేటప్పుడో మోకాలు పట్టు తప్పి ఒరిగిపోతుంటే ముందరి లిగమెంటు తెగి ఉండవచ్చు. ఎం.ఆర్.ఐ. పరీక్షలో తేలుతుంది. అయితే తెగిన ప్రతి లిగమెంటుకూ ఆపరేషన్ కావాలని లేదు. స్వీడన్ వైద్యులు 2010లో ప్రకటించిన పరిశోధనలో 121 మంది యువతీయువకులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్, మరో జట్టుకు ముందు వ్యాయామ చికిత్స, అవసరమైతేనే ఆపరేషన్. రెండేళ్ల తరువాత రెండు జట్ల పరిస్థితీ దాదాపు ఒకేలా ఉంది. రెండో జట్టులో సగానికి పైగా మంది ఆపరేషన్ లేకుండానే నెట్టుకొచ్చారు. మూడు నెలలు శ్రద్ధగా వ్యాయామం చేసినా మోకాలు ఒరిగిపోతూనే ఉంటే, బరువులు మోసో, ఎగుడుదిగుడు పొలాల్లో నడిచో బతికేవారికి ఆపరేషన్ మేలు. మరొకటి, మోకాలు సగం మడిచి ఉండగా పట్టేసి ఇక సాగకపోవడం. రెండు ఎముకల మధ్య మెత్తలాంటి పొర చిరిగి ఆ ముక్క తలుపు సందులో గుడ్డలా ఇరుక్కుందని దాని అర్థం. లాగి సరిచేయబోకుండా త్వరగా ఎముకల డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు కుర్చీల సంగతికి వద్దాం. యాభై దాటిన తరువాత మెల్లగా వచ్చే నొప్పి, పొద్దున లేవగానే కాసేపు బిగుసుకుపోవడం, మెట్లెక్కుతుంటే కటకటమనే శబ్దం. దీన్నే జనం "గుజ్జు అరిగిపోయింది" అంటారు. నీరుగట్టువారిపల్లెలో మగ్గం గుంటలో ఏళ్లు గడిపిన నేతకారుకైనా, పీట మీద కూర్చుని వండిన అమ్మీకైనా వచ్చేది ఇదే. వీరిలో అత్యధికులకు ఆపరేషన్ అవసరం రాదు. ఎక్స్‌రే ఘోరంగా ఉండి హాయిగా నడిచేవారున్నారు, ఎక్స్‌రే బాగుండి మూలిగేవారున్నారు. ఫిల్ము చూసి నిర్ణయం చేయకూడదు, మనిషిని చూసి చేయాలి.

వీరికి చిన్న రంధ్రం చేసి "మోకాలు కడిగే" ఆపరేషన్ ఒకప్పుడు విరివిగా చేసేవారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2002లో వెలువడ్డాయి. కొందరికి నిజంగా కడిగారు. కొందరికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టి కుట్టేశారు. రెండేళ్లపాటు గమనిస్తే ఇద్దరికీ తేడా లేదు! అరిగిన మోకాలిని కడుగుతామని ఎవరైనా నేడు చెబితే మరో డాక్టరును అడిగి చూడడం మంచిది.

అసలు మందు మన చేతిలోనే ఉంది. స్థూలకాయులు ఒక్క కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాలి మీద 4 కిలోల భారం తగ్గుతుందని లెక్కకట్టారు. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని నేలకేసి 5 సెకన్లు నొక్కి వదలడం, ఇలా పూటకు 10, 15 సార్లు చేస్తే తొడ కండరం బలపడుతుంది. మూడు నెలలు మానకుండా చేస్తేనే ఫలితం. దీనికి బదులు వీధి చివర వైద్యునిచేత మోకాలిలోకి సూది వేయించుకోవడం, పేరులేని పొట్లాల చూర్ణాలు మింగడం ప్రమాదం. అటువంటి చూర్ణాల్లో స్టెరాయిడ్లు కలిపి అమ్మిన ఉదంతాలున్నాయి. నొప్పి మాత్రలు కూడా నెలల తరబడి వాడితే మూత్రపిండాలకు, కడుపుకు చేటు.

మరి మోకాలి మార్పిడి ఎప్పుడు? ఇవన్నీ చేసినా రాత్రి నొప్పికి నిద్ర పట్టకపోవడం, బజారు దాకా నడవలేకపోవడం, కాలు వంకరపోవడం, మరుగుదొడ్డికి కూడా ఒకరి సాయం కావలసి రావడం. అప్పుడు వాయిదా వేయడం మంచిది కాదు. ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ దేశాల రికార్డుల ప్రకారం మార్చిన మోకాళ్లలో 100కు సుమారు 82 దాకా 25 ఏళ్లు నిలుస్తున్నాయని 2019లో వెల్లడైంది.

అయితే మన ఇళ్లలో ముందే అడగవలసిన ప్రశ్న ఒకటుంది. సజ్దాకు, ఖాఅదాలో కూర్చోవడానికి మోకాలు దాదాపు పూర్తిగా మడవాలి. మార్చిన మోకాలు సాధారణంగా అంతగా మడవదు. నేల మీద కూర్చోవద్దనే చాలామంది డాక్టర్లు చెబుతారు. ఆపరేషన్ అయ్యాక ఈ మాట విని కంటతడి పెట్టే పెద్దలున్నారు. నిలబడలేనివారు కూర్చుని, వంగలేనివారు సైగతో నమాజు చేసే వెసులుబాటు ధర్మంలోనే ఉంది. వివరాలు ఆలిమ్‌ను అడిగి తెలుసుకుంటే మనస్సు కుదుటపడుతుంది. హజ్, ఉమ్రా నిశ్చయించుకున్నవారు మరింత ముందుగా ఆలోచించాలి. సఫా, మర్వాల మధ్య సయీ ఒక్కటే సుమారు 3 కిలోమీటర్ల నడక. కొత్త మోకాలు పూర్తిగా కుదురుకోవడానికి 6 నెలల నుంచి ఏడాది పడుతుంది గనుక ప్రయాణానికి రెండు నెలల ముందు ఆపరేషన్ పెట్టుకోవడం తగదు.

స్త్రీల విషయంలో మరో చిక్కు. పరాయి మగ డాక్టరు ముందు మోకాలు చూపించడానికి సంకోచించి ఏళ్లు గడిపేస్తున్నారు. మహిళా వైద్యురాలు దొరకనప్పుడు, ఇంటి మనిషి పక్కన ఉండగా, అవసరమైనంత మేరకు చూపించుకోవడానికి పండితులు అనుమతిస్తున్నారు. అమ్మీ నోరు తెరిచి అడగదు. కొడుకులు, అల్లుళ్లే పూనుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలంటే, ఎక్స్‌రే కోసం మదనపల్లె ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. కుప్పంలో పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి, తిరుపతిలో ఎముకల వైద్యం కోసం తి.తి.దే. నడిపే బర్డ్, సరిహద్దు అవతల వేలూరు సి.ఎం.సి. ఉన్నాయి. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో తమ ఆపరేషన్‌కు వీలుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి. సొంత ఖర్చుతో చేయించుకునేవారు కృత్రిమ మోకాలి ధరను విడిగా రాయించుకోవాలి. కేంద్రం 2017 ఆగస్టులో వీటి ధరలకు కళ్లెం వేసింది. సాధారణంగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి పన్నుగాక 54,720 రూపాయలని అప్పట్లో గరిష్ఠ ధర నిర్ణయించింది. అమర్చిన భాగాల పేరు, నంబరు గల స్టిక్కరును డిశ్చార్జి కాగితానికి అంటించి ఇమ్మని అడగండి. పదేళ్ల తరువాత ఆ మోకాలిని మళ్లీ విప్పవలసి వస్తే డాక్టరు మొదట అడిగేది దాన్నే.