చిల్లి గిన్నె చెప్పిన లెక్క

వేసవి సెలవులకి మనవరాలు హైదరాబాద్ నుంచి వచ్చింది. ఏడో తరగతి అయిపోయింది. వచ్చిన మూడో రోజు సాయంత్రం వాళ్ల నానమ్మ అరుగు మీద కూర్చుని మల్లెమొగ్గలు మాల కడుతూ, "పొద్దుట్నుంచీ ఆ ఫోను వదల్లేదు కదే తల్లీ, కళ్లేమైపోతాయి?" అంది. "లేదు నానమ్మా, ఇప్పుడేగా తీశాను. రోజంతా కలిపినా గంట ఉంటుందేమో" అని పిల్ల జవాబు. అబద్ధమాడే పిల్ల కాదు. లేనిది కల్పించి చెప్పే మనిషి మా ఆవిడా కాదు. ఇద్దరూ తాము చూసిందే చెబుతున్నారు, లెక్కలు మాత్రం కలవడం లేదు. ఇలాంటి చోటే కొలత కావాల్సొస్తుంది.

"ఇలా పట్రా చూద్దాం" అని ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అన్న చోట నొక్కించాను. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ లెక్క 2018లో వచ్చింది. అదే ఏడాది ఐఫోన్లలో స్క్రీన్ టైమ్ పేరుతో వచ్చింది. చేతిలో ఉన్నా చాలామంది దాన్ని ఒక్కసారి కూడా తెరిచి చూడరు. తెరిస్తే ఒక రంగుల చక్రం, దాని మధ్యలో అంకె: 4 గంటల 12 నిమిషాలు. పక్కనే ఇంకో అంకె, 63 సార్లు అన్‌లాక్ చేసినట్టు. పిల్ల మొహం చిన్నబోయింది. "ఫోనే తప్పు చూపిస్తోందేమో తాతయ్యా" అంది. సరే, నాది కూడా చూద్దామన్నాను. తెరవబోయే ముందు గంటన్నర ఉంటుందని పైకే చెప్పాను. 3 గంటల 5 నిమిషాలు అని చూపించింది.

"తప్పు ఫోనుది కాదమ్మలూ, మన అంచనాది" అన్నాను. ఇది మా ఇద్దరి సంగతే కాదు. బ్రిటన్‌లో కొందరు శాస్త్రవేత్తలు 23 మంది యువతీ యువకుల ఫోన్లలో ఒక చిన్న యాప్ పెట్టి, రెండు వారాల పాటు ఎవరు ఎప్పుడు ఫోన్ తీశారో నమోదు చేశారు. 2015లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సగటున రోజుకి 5 గంటలు, దాదాపు 85 సార్లు. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం ఇంకో సంగతి. ఎన్నిసార్లు తీస్తున్నారో వాళ్లనే అడిగితే, నిజంగా తీసినదాంట్లో సగం కూడా చెప్పలేదు. తీసిన సార్లలో సగానికి పైగా అర నిమిషం లోపలే ముగిసినవి. టైమ్ చూడ్డానికి తీయడం, మెసేజ్ వచ్చిందా అని తీయడం, ఊరికే తీసి మళ్లీ జేబులో పెట్టుకోవడం. అవి చేతికే తెలుసు, మనసుకి తెలియవు. ఆ తర్వాత ఇంకెన్నో పరిశోధనలు వచ్చాయి. వాటిని కలిపి చూసినా మన అంచనాకీ యంత్రం లెక్కకీ పొంతన అంతంత మాత్రమేనని తేలింది.

వెలుగుకి కన్నుంది, చప్పుడుకి చెవి ఉంది. కాలానికి అలాంటి అవయవం మన ఒంట్లో లేదు. జరిగిన సంగతులను గుర్తు తెచ్చుకుని, వాటిని బట్టి ఇంతసేపు అయి ఉంటుందిలే అనుకుంటాం. జాతరకి వెళ్లొచ్చిన రోజు చాలా పెద్ద రోజులా తోస్తుంది, ఎందుకంటే గుర్తుండే సంగతులు బోలెడు. అదే ఫోన్‌లో నలభై వీడియోలు చూసి లేచాక మూడో వీడియో ఏమిటో చెప్పమంటే చెప్పలేం. ఆనవాళ్లు మిగలకపోతే లెక్కకి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

మన పెద్దవాళ్లకి ఈ ఇబ్బంది తెలుసు. అందుకే కాలాన్ని మనసుకి వదిలెయ్యకుండా నీళ్లతో కొలిచారు. గడియ అంటే 24 నిమిషాలు. రోజుకి 60 గడియలు. గడియలో అరవయ్యో వంతు విఘడియ, అంటే 24 సెకండ్లు. ఆ గడియని కొలవడానికి అడుగున సన్నటి బెజ్జం ఉన్న రాగి గిన్నెని నీళ్ల మీద తేలనిచ్చేవాళ్లు. బెజ్జంలోంచి నీరు కొద్దికొద్దిగా ఎక్కి, గిన్నె నిండి మునిగిపోతే ఒక గడియ అయినట్టు. ఘటిక అన్నా గడియ అన్నా కుండ అనే అర్థమున్న ఘటం నుంచి వచ్చిన మాటలే. గోడకి వేలాడే గడియారం పేరులో ఇప్పటికీ ఆ గిన్నె ఉంది. పిల్ల లెక్క గడియల్లో వేస్తే పదిన్నర అయింది. రోజంతా కలిపితే అరవయ్యే కదా. బ్రిటన్ కుర్రాళ్లు ఫోన్ తీసి పెట్టేసిన ఆ అర నిమిషమేమో కొంచెం అటూ ఇటూగా ఒక విఘడియ. విఘడియలే కదా అని వదిలేస్తే గడియలు తయారవుతున్నాయి.

ఇదంతా నోటితో చెబితే పిల్లకి ఎక్కదనిపించింది. మా అటక మీద మా అమ్మ చారు కాచిన చిన్న ఇత్తడి గిన్నె ఒకటుంది. ఎప్పుడో అడుగున సూదిమొనంత చిల్లి పడింది. మాట్లు వేసేవాళ్లు మా వీధికి రావడం మానేశాక అటక మీదే ఉండిపోయింది. దాన్ని దించి, చింతపండుతో తోమి, బకెట్ నీళ్ల మీద పెట్టాం. లోపల గిన్నె అడుగున ఒక బొట్టు ఊరింది. అది ముత్యమంత అయి, రూపాయి బిళ్లంత అయి, మెల్లగా పరుచుకుంది. చూస్తూ కూర్చుంటే ఎంతకీ నిండదు. "తాతయ్యా, విసుగ్గా ఉంది" అంది పిల్ల. "అయితే నువ్వు ఫోన్ చూసుకో, మునిగాక పిలుస్తాను" అన్నాను. కాసేపటికి గిన్నె అంచు నీటితో సమానమైంది, ఒక పక్కకి ఒరిగింది, బుడుంగున మునిగింది. పిలిస్తే పిల్ల తలెత్తి, "అప్పుడే మునిగిందా? నువ్వు చేత్తో నొక్కావు తాతయ్యా" అంది. గడియారం చూపించాను. 11 నిమిషాలు. గిన్నె వైపు చూస్తూ కూర్చున్నప్పుడు అంత సాగిన కాలం, ఫోన్ చేతిలోకి రాగానే ఎక్కడికి పోయింది?

దీనికి జవాబు చెప్పడానికి పావురాల దగ్గరికి వెళ్లాలి. హార్వర్డ్‌లో స్కిన్నర్ అనే శాస్త్రవేత్త పావురాల ముందు ఒక బిళ్ల పెట్టేవాడు. దాన్ని ముక్కుతో పొడిస్తే గింజలు పడతాయి. ఇన్ని పోట్లకి ఒకసారి అని కచ్చితంగా గింజలు వేస్తే, పావురం తిన్నాక కాసేపు ఆగేది. ఎన్ని పోట్లకి పడతాయో తెలియకుండా, ఒకసారి రెండో పోటుకి, ఇంకోసారి నలభయ్యో పోటుకి వేస్తే, అది ఆగకుండా పొడుస్తూనే ఉండేది. ఫెర్‌స్టర్ అనే తోటి శాస్త్రవేత్తతో కలిసి ఆయన 1957లో అచ్చు వేసిన పెద్ద పుస్తకం నిండా ఈ పోట్లని చూపే గీతలే, పోటు పోటుకీ లెక్క. ఇప్పుడు ఫోన్‌లో బొటనవేలితో పైకి తోస్తూ పోతాం చూశారా, అందులో పదింట ఒకటి మనసుకి నచ్చుతుంది. ఆ ఒకటి ఏదో ముందు తెలియదు. తెలియకపోవడంలోనే ఉంది దాని పట్టు.

తర్వాత వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అనే ఆయన కోతుల మెదడులో డోపమీన్ అనే రసాయనం ఊరే కణాల చప్పుడు విన్నాడు. మొదట్లో పళ్లరసం చుక్క నోట్లో పడినప్పుడు ఆ కణాలు చురుగ్గా మోగేవి. రసానికి ముందు ఒక దీపం వెలగడం అలవాటయ్యాక, దీపం వెలగ్గానే మోగేవి, రసం పడ్డప్పుడు కాదు. దీపం వెలిగి రసం రాకపోతే డీలాపడేవి. నాకు ఇది చదివినప్పుడు మా ఊరి పోస్ట్‌మాన్ సైకిల్ గంట గుర్తొచ్చింది. గంట వినగానే గుండె ఝల్లుమనేది, ఉత్తరం చదివాక నెమ్మదించేది. ఆ గంట రోజుకి ఒకసారే మోగేది. ఫోన్‌లో టింగుమనే గంట రోజుకి ఎన్నిసార్లు మోగుతుందో కూడా డిజిటల్ వెల్‌బీయింగ్‌లోనే ఉంటుంది, చూసుకోండి.

ఇంకో మార్పు పైకి కనిపించదు కానీ చాలా పెద్దది. ఒకప్పుడు ఇంటర్నెట్‌లో పేజీకి అడుగు ఉండేది. అడుగుకి వచ్చాక తరువాతి పేజీ కావాలంటే నొక్కాలి. 2006లో ఏజా రాస్కిన్ అనే కుర్రాడు అడుగే లేకుండా, కిందికి పోతున్నకొద్దీ కొత్తది వచ్చి చేరే పద్ధతి తయారుచేశాడు. నొక్కే శ్రమ తగ్గుతుందనే చేశాడు. తర్వాత ఎంతమంది ఎన్ని గంటలు అందులో పోగొట్టుకుంటున్నారో చూసి, చేసినందుకు బాధపడుతున్నానని తనే బయటికి చెప్పాడు. మా రోజుల్లో వారపత్రిక సీరియల్ చివర 'సశేషం' అని ఉండేది. ఎంత ఉత్కంఠగా ఉన్నా పుస్తకం మూసి లేచేవాళ్లం. మన భోజనానికీ పెరుగన్నం ఉంది. పెరుగు వడ్డించారంటే లేవాల్సిన వేళయిందని చిన్నపిల్లాడికీ తెలుసు. ఫోన్ వడ్డించే విస్తట్లో పెరుగన్నం రాదు. పిల్లలకి నిగ్రహం లేదని తిట్టేవాళ్లని చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. విస్తరి అలా వేసింది పెద్దవాళ్లు, చదువుకున్న పెద్దవాళ్లు.

ఆ విస్తరి ఇప్పుడు అందరికీ అందుతోంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మన దేశంలో డేటా చవకైంది. ఫిక్కీ, ఈవై సంస్థలు 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం మనవాళ్లు రోజుకి సగటున 5 గంటలు ఫోన్ మీద గడుపుతున్నారు. కాగితం తీసి పిల్ల చేత గుణకారం చేయించాను. ఏడాదికి 1,825 గంటలు. మెలకువగా ఉండే 16 గంటలని ఒక రోజనుకుంటే 114 రోజులు. "వేసవి సెలవులూ దసరా సెలవులూ సంక్రాంతి సెలవులూ కలిపినా ఇన్ని రావు తాతయ్యా" అంది. ఆ పోలిక నాకు తట్టలేదు, దానికే తట్టింది.

అయితే ఆ గంటలన్నీ ఒకటి కావు. మా చిన్నవాడు డాలస్‌లో ఉంటాడు. ఆదివారం పొద్దున్న వీడియో కాల్‌లో వాడి పాప కొత్తగా నేర్చిన తెలుగు మాటలు వింటూ నలభై నిమిషాలు కూర్చుంటాం. మా ఆవిడ పప్పు డబ్బాకి ఫోన్ ఆనించి, చెల్లెలు పంపిన వీడియో చూస్తూ కజ్జికాయలు చేస్తుంది. చక్రంలో అవీ కలిసిపోతాయి. యంత్రం ఎంతసేపో చెబుతుంది, దేనికో విడదీసుకోవాల్సింది మనమే. మేం ఆ రాత్రి నా 3 గంటల 5 నిమిషాలని యాప్‌ల వారీగా విడదీస్తే, గంటా ముప్పావు దాకా నాకు గుర్తే లేని వీడియోలది.

కళ్ల సంగతి అడిగింది కదా మా ఆవిడ, దానికీ ఒక కొలత ఉంది. జపాన్ డాక్టర్లు 1993లో ఆఫీసు ఉద్యోగుల రెప్పపాట్లు లెక్కపెట్టారు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 22, పుస్తకం చదివేటప్పుడు 10, కంప్యూటర్ తెర చూసేటప్పుడు 7. రెప్ప వాలినప్పుడల్లా కన్నీటి పొర కంటికి కొత్తగా పూసినట్టవుతుంది. వాలకపోతే ఆరిపోతుంది. మంట, ఇసుక పడినట్టుండడం అందుకే. నిద్ర సంగతికొస్తే, బోస్టన్‌లో 12 మందిని కొన్ని రాత్రులు ఐప్యాడ్ మీద, కొన్ని రాత్రులు మామూలు పుస్తకం చదివించి చూశారు. ఐప్యాడ్ చదివిన రాత్రుల్లో నిద్ర పట్టడానికి దాదాపు 10 నిమిషాలు ఆలస్యమైంది, చీకటి పడ్డాక ఒంట్లో ఊరే మెలటోనిన్ మర్నాడు గంటన్నర ఆలస్యంగా మొదలైంది. తెర నుంచి వచ్చే నీలి వెలుగుని అందరూ తిడతారు కానీ, నాకైతే వెలుగు తీసుకునే పది నిమిషాల కంటే, ఇంకొక్కటి ఇంకొక్కటి అంటూ పక్క మీద పోయే గంటే ఎక్కువ నష్టమనిపిస్తుంది.

ఇలా పోయే గంటలని ఆపడానికి ఒక ఊరే పూనుకుంది. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా వడ్గావ్ అనే పల్లె అది. కరోనా రోజుల్లో పాఠాల కోసం చేతికిచ్చిన ఫోన్లు పిల్లలు మళ్లీ వదల్లేదు. అక్కడి పంచాయతీ వాళ్లు 2022 ఆగస్టు 15 నుంచి సాయంత్రం ఏడింటికి సైరన్ మోగించడం మొదలుపెట్టారు. గుడి మీద పెట్టారు ఆ సైరన్. మోగగానే టీవీలూ ఫోన్లూ పక్కన పెట్టేవాళ్లు, ఎనిమిదిన్నరకి మళ్లీ మోగేదాకా. పిల్లలు చదువుకునేవాళ్లు, పెద్దవాళ్లు మాట్లాడుకునేవాళ్లు. నాకు ఇందులో నచ్చిందేమిటంటే, నియమం ఒక్క పిల్లలకే పెట్టలేదు, ఊరంతటికీ పెట్టారు. అడుగులేని విస్తరికి ఊరంతా కలిసి పెరుగన్నం వడ్డించుకున్నట్టుంది.

మా ఇంట్లో సైరన్ లేదు, గిన్నె ఉంది. మర్నాటి నుంచి పిల్ల ఫోన్ తీసేముందు తనే బకెట్ దగ్గరికి వెళ్లి గిన్నె నీళ్ల మీద పెట్టేది. ఎవరూ చెప్పలేదు. మునిగితే తీసి, ఒంపి, మళ్లీ పెట్టి, ఒక పుల్లముక్క పక్కన పెట్టేది. పడుకోబోయేటప్పుడు పుల్లలు లెక్కపెట్టి ఫోన్ లెక్కతో సరిచూసుకునేది. నేనూ నా ఫోన్‌కి అదే గిన్నె వాడుకున్నాను, వంతులు వేసుకుని. ఇద్దరి పుల్లలూ కొన్ని రోజులు తగ్గాయి, కొన్ని రోజులు తగ్గలేదు. వాన పడి కరెంటు పోయిన రెండు రోజులైతే బాగా తగ్గాయి.

జూన్‌లో వెళ్లేటప్పుడు బట్టల మధ్య న్యూస్‌పేపర్ చుట్టి గిన్నె పెట్టుకుంది. "చిల్లి గిన్నె ఎందుకే, మంచిది ఇస్తానుండు" అని నానమ్మ అంటే, "చిల్లి లేకపోతే ఎలా నానమ్మా" అంది.

మొన్న ఫోన్ చేసింది. "తాతయ్యా, గిన్నె ఇక్కడ పదమూడు నిమిషాలకి మునుగుతోంది. మనూళ్లో పదకొండే కదా. నాలుగుసార్లు చూశాను" అంది. చిల్లి దగ్గర తెల్లగా ఏమైనా పేరుకుందేమో చూడమన్నాను. లైన్లోనే ఉండి వెళ్లి చూసొచ్చింది. "అవును, సున్నంలా ఉంది." బోరు నీళ్లమ్మా, అందులోని లవణాలు ఆరినప్పుడల్లా బెజ్జం అంచున అతుక్కుంటాయి, దారి సన్నబడుతుంది అని చెప్పాను. "నిమ్మకాయతో తోమితే పోతుందా?" అని అడిగింది. తోమి, మళ్లీ ఎన్ని నిమిషాలు వచ్చిందో చెప్పమన్నాను.