దీర్ఘసూత్రత - కాలపాలన

మన భాషలో ‘దీర్ఘసూత్రుడు’ అనే మాట ఒకటి కలదు. సూత్రమనగా దారం. ఈనాడు ముగించవలసిన పనిని పొడవైన దారంవలె రేపటికి, ఎల్లుండికి లాగుకొనిపోయేవాడు దీర్ఘసూత్రుడు. సిరిసిల్ల మగ్గాల చప్పుడు వింటూ పెరిగిన మన ఎల్లారెడ్డిపేట ప్రాంతపు విద్యార్థులకు ఈ మాటను ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. దారం ఎంత పొడవున్నా పడుగూ పేకా కలిసినప్పుడే అది గుడ్డ అవుతుంది. అంతవరకు అది కేవలం దారమే.

అభివృద్ధి కోరేవాడు విడువవలసిన దోషాలు ఆరు అని హితోపదేశం చెప్పింది. అవి నిద్ర, కునికిపాటు, భయం, కోపం, ఆలస్యం, దీర్ఘసూత్రత. ఇక్కడ మనం గమనించవలసిన విశేషం ఒకటి ఉన్నది. సంస్కృతంలో ఆలస్యమంటే సోమరితనం. సోమరితనాన్ని ఒక దోషంగా లెక్కించిన తరువాత దీర్ఘసూత్రతను వేరొక దోషంగా పేర్కొన్నారు. అనగా ఈ రెండూ ఒకటి కావని మన పూర్వులు గ్రహించారు. సోమరి ఏ పనీ చేయడు. దీర్ఘసూత్రుడు రోజంతా ఏదో ఒక పని చేస్తూనే ఉంటాడు. చేయవలసిన పని ఒక్కటి తప్ప.

మహాభారతం శాంతిపర్వంలో మూడు చేపల కథ వస్తుంది. ఒక మడుగులో దీర్ఘదర్శి, ప్రాప్తకాలజ్ఞుడు, దీర్ఘసూత్రుడు అనే మూడు చేపలు స్నేహంగా ఉండేవి. జాలరులు ఆ మడుగు నీటిని కాలువలు తీసి బయటికి పంపనారంభించారు. రాబోయే ఆపదను గుర్తించిన దీర్ఘదర్శి నీటిదారి ఉండగానే వెడలిపోయింది. సమయం వచ్చినప్పుడు చూచుకోవచ్చునని ప్రాప్తకాలజ్ఞుడు ఉండిపోయింది. తొందర ఏమున్నదని దీర్ఘసూత్రుడు కదలలేదు. నీరు తీసిపోగా ఆ రెండూ చిక్కాయి. ప్రాప్తకాలజ్ఞుడు తాడును నోట కరచుకొని, గుచ్చబడిన చేపవలె నటించి, జాలరులు చేపలను కడుగుటకు వేరొక నీటిలో ముంచినప్పుడు జారిపోయింది. దీర్ఘసూత్రుడు ప్రాణం కోల్పోయింది.

ఈ కథ మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు కూడ పరాయిది కాదు. పంచతంత్రం పహ్లవీ భాషలోనికి, అక్కడినుండి ఎనిమిదవ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేతిమీదుగా అరబ్బీలోనికి వెళ్లి ‘కలీలా వ దిమ్నా’ అయినప్పుడు ఈ మూడు చేపలూ వెంట వెళ్లాయి. మౌలానా రూమీ తన మస్నవిలో వాటికి చోటిచ్చాడు. ఇన్ని భాషలవారు ఈ కథను తమదిగా చేసుకున్నారంటే, ఈ దోషం ఏ ఒక్క జాతి సొత్తు కాదని మనం తెలిసికొనవచ్చును.

మన విద్యార్థులలో ఎక్కువమంది తమను తాము ప్రాప్తకాలజ్ఞులుగా భావించుకొంటారు. పరీక్షకు ముందు రెండు రాత్రులు మేలుకొంటే చాలునని వారి నమ్మకం. కాని ఆ చేప బ్రతికింది జాలరి ఏమరుపాటు వలన. జాలరి తాడు లాగి చూచి ఉంటే ఏమయ్యేది? ఇతరుల ఏమరుపాటు మీద ఆధారపడిన తెలివి ఎల్లప్పుడూ అక్కరకు రాదు.

ఇక మనిషి పనిని ఎందుకు వాయిదా వేస్తాడు? ఆధునిక మనస్తత్వ శాస్త్రం ఇచ్చే సమాధానం ఆలోచింపదగినది. ఫ్యూషియా సిరోయిస్, తిమోతి పిచిల్ అనే శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించిన వ్యాసంలో, వాయిదా వేయడానికి మూలం గడియారంలో కాక మనసులో ఉన్నదని వాదించారు. కష్టమైన పని ఎదుట నిలిచినప్పుడు మనసులో భయమో, విసుగో, చేయలేమనే సంకోచమో కలుగుతుంది. పనిని పక్కన పెట్టగానే ఆ బాధ తగ్గుతుంది. ఆ క్షణపు ఊరట కొరకే మనం పనిని రేపటికి నెడుతున్నాము. రేపు పని అంతే ఉంటుంది. భయం మాత్రం రెట్టింపవుతుంది. హితోపదేశం భయాన్నీ దీర్ఘసూత్రతనూ ఒకే వరుసలో చేర్చడం ఇక్కడ గుర్తుకు రాకమానదు.

ఇదంతా ఇతరులకు చెప్పే నీతిగా మేము వ్రాయడం లేదు. కొన్నేళ్ల క్రితం మా వద్ద చదువుకొనే ఒక విద్యార్థిని ఉపకార వేతనపు దరఖాస్తు పట్టుకొని వచ్చింది. అందులో నాలుగు పంక్తుల సిఫారసు, మా సంతకం కావలసి ఉన్నవి. ఆమె తల్లి బీడీలు చుట్టి బిడ్డను చదివిస్తున్నది. ఆనాడు మా బల్లమీద హాజరు పట్టికలు, ఎవరో అప్పటికప్పుడు అడిగిన లెక్కలు, జవాబు పత్రాలు పేరుకొని ఉన్నాయి. “రేపు రామ్మా” అన్నాము. మరునాడు మేము సమావేశంలో ఉన్నాము. ఆమె గుమ్మం దగ్గర కొంతసేపు నిలిచి వెళ్లిపోయిందట. మూడవనాడు సంతకం చేసి ఇచ్చాము. కాని ఆఖరి తేది ముందురోజే గడచిపోయింది. ఆ అమ్మాయి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. “ఏం కాదు సార్, అమ్మీ ఇంకిన్ని బీడీలు ఎక్కువ చుడ్తది” అన్నది. తరువాత మరొకరికి అటువంటి సిఫారసే వ్రాసినప్పుడు గడియారం చూచుకొన్నాము. పది నిమిషాలు పట్టింది.

ఆనాడు మేము ఖాళీగా కూర్చోలేదు. తొందరపెట్టే పనులన్నీ చేశాము; ముఖ్యమైన పని చేయలేదు. తొందర వేరు, ముఖ్యత వేరు. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో ఒక ప్రసంగంలో ఈ భేదాన్ని ప్రస్తావించాడు. 1989లో స్టీఫెన్ కవీ తన గ్రంథంలో దీనిని నాలుగు గళ్లుగా విభజించి ప్రచారంలోనికి తెచ్చాడు. ఒకటవ గడిలో ముఖ్యమూ తొందరా రెండూ గల పనులు: రేపటి పరీక్ష, ఇంట్లో జబ్బు. రెండవ గడిలో ముఖ్యమే కాని తొందర లేనివి: రోజూ చదవడం, ఆరోగ్యం, భాషలో పట్టు సాధించడం. మూడవ గడిలో తొందరే కాని ముఖ్యం కానివి: మాటిమాటికి మ్రోగే ఫోను, ఎవరో పిలిచారని పరుగెత్తడం. నాలుగవ గడిలో రెండూ కానివి. మన జీవితాన్ని తీర్చిదిద్దేది రెండవ గడి. కాని అది ఎన్నడూ కేక వేయదు. గుమ్మం దగ్గర నిలిచి, పిలవకపోతే వెళ్లిపోతుంది. దానిని నిర్లక్ష్యం చేస్తే ఆ పనులే ఒకనాడు ఒకటవ గడిలోనికి వచ్చి మీద పడతాయి.

దీనికి మన చుట్టూనే నిదర్శనాలు ఉన్నాయి. 2017లో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ పండుగకు చీరలు పంచదలచి సిరిసిల్ల మరమగ్గాలకు పని అప్పగించింది. పండుగ నాటికి వ్యవధి చాలనందున సుమారు సగం చీరలను సూరత్ నుండి తెప్పించవలసి వచ్చింది. ఆ యేడు పంచిన చీరల నాణ్యత మీద విమర్శలు చెలరేగాయి. మరుసటి సంవత్సరం ముందుగానే పని మొదలు కాగా చీరలు సిరిసిల్లలోనే తయారయ్యాయి. నేతగాళ్ల నైపుణ్యం రెండు సంవత్సరాలలోనూ ఒక్కటే. తేడా అంతా వ్యవధిలోనే ఉన్నది. పండుగ మన కొరకు ఆగదు కదా!

రైతు ఈ పాఠాన్ని పుట్టుకతోనే నేర్చుకొంటాడు. మిరుగం రాగానే ఆకాశం వైపు చూస్తాడు. అదను తప్పితే ఎంత మంచి విత్తనమైనా ఫలించదని అతనికి తెలుసు. వాన పడిననాడు అతడు చుట్టాలు వచ్చారని ఇంట్లో కూర్చోడు. ఏది ముందో, ఏది వెనుకో ఎరగడమే సేద్యం.

ఇక ఆచరణకు కావలసిన నాలుగు మాటలు చెప్పి ముగిస్తాము.

మొదటిది, రేపటి పనికి ఈ రాత్రే సిద్ధపడడం. బీడీలు చుట్టే తల్లులు రాత్రిపూట తునికాకును తడిపి గుడ్డలో చుట్టి ఉంచుతారు. తెల్లవారేసరికి ఆకు మెత్తబడి కత్తెరకు లొంగుతుంది. ఎండుటాకును కత్తిరించబోతే విరిగిపోతుంది. అట్లే పడుకొనే ముందు రేపటి ముఖ్యమైన మూడు పనులు కాగితంమీద వ్రాసి, కావలసిన పుస్తకాన్ని ఆ పుటవద్ద తెరచి ఉంచండి. ఉదయం మనసు ఎదురు తిరగదు.

రెండవది, పెద్ద పనిని ముక్కలు చేయడం. వేయి బీడీలు ఒక్కసారిగా ఎవరూ చుట్టరు. కట్టలు కట్టలుగా చుడతారు. ‘చరిత్ర చదవాలి’ అనుకొంటే భయం కలుగుతుంది. ‘నాలుగు పుటలు చదవాలి’ అనుకొంటే భయానికి చోటుండదు.

మూడవది, వ్యవధిని సరిగా అంచనా వేయడం. మనిషి తన పనికి పట్టే కాలాన్ని సాధారణంగా తక్కువగానే ఊహించుకొంటాడని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ 1979లో వివరించారు. ఆదాయ ధ్రువపత్రం రెండు రోజులలో వస్తుందనుకొంటే వారం ముందే దరఖాస్తు పెట్టుకోవాలి.

నాలుగవది, గడువును మనమే విధించుకోవడం. మన జిల్లా హనుమాజిపేటలో 1931లో పుట్టి, ఉర్దూ మాధ్యమంలో చదివి, తెలుగులో మహాకవి అయిన డాక్టర్ సి. నారాయణరెడ్డి ఇందుకు ఉదాహరణ. అధ్యాపకత్వం, పదవులు, సినిమా పాటలు, సభలు ఎన్ని ఉన్నా తన పుట్టినరోజున కొత్త పుస్తకాన్ని వెలువరించే నియమాన్ని ఆయన ఏళ్ల తరబడి పాటించారు. 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం ‘విశ్వంభర’ కవికి తీరిక దొరికినందువలన రాలేదు. తీరికను కల్పించుకొన్నందువలన వచ్చింది. నమాజు చేసేవారికి ఈ క్రమశిక్షణ కొత్త కాదు. ఫజర్ మొదలు ఇషా వరకు ప్రతి నమాజుకూ ఒక ఆది, ఒక అంతం ఉన్నాయి. దివ్య ఖురాన్‌లోని నూట మూడవ సూరా కాలంమీద ప్రమాణంతో ఆరంభమవుతుంది. ఐదు పూటల కాలాన్ని గుర్తించగలవారు ఆరవదిగా పాఠానికి ఒక వేళను ఏర్పరచుకోలేరా?

విద్యార్థులారా! ఒకప్పుడు మన పల్లెలలో ఇండ్ల తలుపులమీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని వ్రాసేవారు. రాత్రి వచ్చే దయ్యం అది చదివి తిరిగిపోతుందని, మరునాడు వచ్చినా అదే మాట చదివి మళ్లీ పోతుందని నమ్మిక. దయ్యాన్ని తరిమేందుకు పుట్టిన ఆ ఉపాయాన్ని మనం మన పనుల మీద, మన మేలు మీద ప్రయోగిస్తున్నాము. మేము ఆనాడు ఒక బిడ్డతో అన్న మాట కూడ అదే. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలన్నారు. మీ గుమ్మం దగ్గర ఏ పని నిలిచి ఉన్నదో ఈ పుట మూసిన తరువాత ఒకసారి చూడండి. దానిని రేపు రమ్మనకండి.