ముంపును సహించు వరి

ముంపు తీసిన పిదప పల్లపుచేల గట్లపై నిలిచి, కుళ్ళిన వరిపైరును మేము పలుమారులు చూచితిమి. పైరు చచ్చుట నీటివలననే కాదు, తన తొందరపాటువలనను అని రైతు సోదరులు గ్రహింపవలయును.

మొక్క తన కణములలో ఎథిలీను అను వాయువును పుట్టించుచుండును. నీట మునిగినప్పుడు అది వెలికి పోజాలక లోపలనే పేరుకొనును. అదియే ఆపదను తెలుపు వార్త. అంతట జిబ్బరెల్లిను అను పెరుగుదల రసము పని హెచ్చును. మొక్క నీటిపైకి తల యెత్తుటకై నిలువున సాగును. దాచుకొన్న పిండిపదార్థము ఖర్చయిపోవును. నీరు తీయగానే బలములేక ఒరిగిపోవును.

ఒడిషా దేశవాళి వరినుండి ఏరిన ఎఫ్.ఆర్. 13ఎ అట్లు చేయదు. దానియందు సబ్-1ఎ అను జన్యువు కలదని 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఎథిలీను పేరుకొనగానే ఈ జన్యువు మేల్కొని, జిబ్బరెల్లిను పనిని అణచు ప్రోటీనులను హెచ్చించును. మొక్క సాగక, కూడబెట్టినదానిని కాపాడుకొని, నీరు తీసిన పిదప చిగిర్చును. కరవునాట గాదెను పొదుపుగా వాడు ఇల్లాలి తీరిది.

మారుటేరున పుట్టిన స్వర్ణను ఈ గుణముగల వరితో కలిపి, మరల మరల స్వర్ణతోనే సంకరపరచి, స్వర్ణ-సబ్1ను సిద్ధపరచిరి. అది 2009లో మనదేశమున విడుదలయ్యెను. సుమారు రెండువారముల ముంపును సహించును. అయినను నెలలతరబడి నిలుచు నీటికి ఇది మందు కాదు. కావున మురుగుకాలువల పూడిక తీయుట మానరాదు. పల్లపుచేలు గలవారు ముందుగా కొంతమేర వేసి చూడుడని మా మనవి.