పైపు (కంప్యూటర్ ప్రోగ్రామింగు)

పైపు అనగా యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టములలో ఒక ప్రాసెసు నుండి మరొక ప్రాసెసుకు సమాచారాన్ని చేరవేసే ఏకముఖ మార్గం. డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ ప్రతిపాదించిన ఈ పద్ధతిని 1973లో కెన్ థాంప్సన్ యూనిక్సులో చేర్చాడు.

ఒకే ప్రాసెసులోని థ్రెడ్లు ఒకే మెమొరీని పంచుకుంటాయి. వాటికి కావలసినది మార్గం కాదు, తాళం (మ్యూటెక్సు). ఫోర్క్ ద్వారా పుట్టిన చైల్డ్ ప్రాసెసుకు మెమొరీ వేరు. అందుచేత పేరెంటు ముందుగా పైపును తెరచి, పిదప ఫోర్క్ చేయాలి. అప్పుడే పైపు రెండు కొసలూ చైల్డుకు సంక్రమిస్తాయి.

పైపు పనితీరు తిరుమలలోని వైకుంఠం క్యూ కాంప్లెక్సును పోలి ఉంటుంది. కంపార్టుమెంట్లు నిండితే వెనుకవారు వెలుపల నిలవవలసిందే. (పైపులో ప్రత్యేక ప్రవేశ దర్శనం మాత్రం లేదు.) లినక్సులో పైపు సామర్థ్యం సాధారణంగా 65,536 బైట్లు. అది నిండితే, రాస్తున్న చైల్డు ఆగిపోతుంది. పేరెంటు పైపును చదవకుండా చైల్డు ముగింపు కొరకు ఎదురుచూస్తే రెండూ శాశ్వతంగా నిలిచిపోతాయి. దీనిని డెడ్‌లాక్ అంటారు. కొద్దిపాటి సమాచారంతో పరీక్షించినప్పుడు ఈ దోషం బయటపడదు.

అనేక థ్రెడ్లు గల ప్రాసెసు ఫోర్క్ చేస్తే, ఫోర్క్ పిలిచిన థ్రెడ్ ఒక్కటే చైల్డులో మిగులుతుంది. ఆ క్షణాన ఇతర థ్రెడ్లు వేసి ఉంచిన తాళాలను అక్కడ తీసేవారుండరు.