అల్లాదుర్గ్: 33 అక్షరాలా? పదకొండా?

మెదక్ జిల్లాలోని అల్లాదుర్గ్ పేరును తెలుగులో టైప్ చేసి, పొడవెంతో చెప్పమంటే పైథాన్ ప్రోగ్రామింగ్ భాష 2.7 వెర్షన్ మామూలుగా 33 అంటుంది. పైథాన్ 3 మాత్రం 11 అంటుంది. పాతది యూటీఎఫ్-8 బైట్లు లెక్కపెడుతుంది. ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. కొత్తది దీర్ఘాలు, కొమ్ములు, పొల్లులతో సహా గుర్తులను లెక్కపెడుతుంది. బడిపిల్లలు చెప్పే నాలుగక్షరాలు రెండింటికీ పట్టవు.

2008 డిసెంబర్‌లో విడుదలైన పైథాన్ 3 పాత ప్రోగ్రాములతో తెగతెంపులు చేసుకుంది. 5ను 2తో భాగించమంటే పాతది 2 అని ఊరుకునేది, కొత్తది 2.5 అంటుంది. పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. వికీపీడియాల్లో బాట్లు నడిపేవారు వాడే పైవికీబాట్ కూడా ఆ ఏడాదే దాన్ని వదిలేసింది.

పైథాన్ 3 వెర్షన్ల మధ్యా పేచీలున్నాయి. 2023 అక్టోబర్‌లో వచ్చిన 3.12లో ప్యాకేజీలను తయారుచేసి ఇన్‌స్టాల్ చేసే డిస్ట్‌యుటిల్స్ అనే భాగాన్ని తీసేశారు. దాన్ని నమ్ముకున్న పాత ప్యాకేజీలు మొరాయించాయి. పోనీ, కంప్యూటర్‌లో ఉన్న పైథాన్‌నే మార్చేద్దామా? ఉబుంటు లాంటి లినక్స్‌లో సిస్టమ్ పనులు కొన్ని దాని మీదే నడుస్తాయి. వాటికి ఎసరు పెట్టినట్టే.

అందుకే ప్రాజెక్టుకో వేరు కుంపటి. దాని పేరు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్. 2007లో ఇయాన్ బికింగ్ వర్చువల్‌ఎన్వ్ తయారుచేశారు. 2012లో వచ్చిన పైథాన్ 3.3లో వెన్వ్ పేరుతో ఆ సదుపాయం భాషలోనే చేరింది. ఇది సృష్టించేది ఒక మామూలు ఫోల్డర్. ఆ ప్రాజెక్టు ప్యాకేజీలన్నీ అందులోనే చేరతాయి. ఏ పైథాన్ వాడుతోందో లోపలున్న చిన్న ఫైల్‌లో రాసి ఉంటుంది. పని చెడితే ఫోల్డర్ తీసేసి మళ్లీ పెట్టుకోవచ్చు.

చాలామంది తడబడేది ఒక్కచోటే. వెన్వ్ తనంతట తాను కొత్త వెర్షన్ తెచ్చిపెట్టదు. 3.11 కావాలంటే ముందు 3.11ను ఇన్‌స్టాల్ చేసి, దానితోనే వెన్వ్‌ను నడపాలి. వెర్షన్లు దింపుకోవడానికి పైఎన్వ్, కోండా వంటివి ఉన్నాయి. 2.7కు మాత్రం వెన్వ్ పనికిరాదు, వర్చువల్‌ఎన్వ్ పాత విడుదల వెతుక్కోవాలి.

తయారైన ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి హైదరాబాద్‌లోని స్నేహితుడికి పంపితే నడుస్తుందన్న నమ్మకం లేదు; అందులోని దారులన్నీ మొదటి కంప్యూటర్‌వే. ప్యాకేజీల జాబితా పంపితే అక్కడ కొత్తగా కట్టుకోవచ్చు. పిప్ ఫ్రీజ్ అనే కమాండ్ ఇచ్చే ఆ జాబితాలో పైథాన్ వెర్షన్ మాత్రం ఉండదు, దాన్ని విడిగా రాసి పంపాలి.