మీట నొక్కితే మూసుకునే తలుపు – పసివారి వేళ్ల భద్రత

సోమందేపల్లె మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి సాగుతున్నది. ఆ దారిన పెనుకొండ వైపు వెళితే ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం కనిపిస్తుంది. వానలు కరువైన ఈ మెట్టభూమిలో 2019లో కార్ల ఉత్పత్తి మొదలైంది. 2020లో ఆ సంస్థ మన దేశంలో విడుదల చేసిన కార్నివాల్ బండి వెనుక తలుపులు మీట నొక్కితే చాలు, పక్కకు జరుగుతూ వాటంతటవే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. అంతటి ఖరీదైన బండి మనలో చాలామందికి లేకపోవచ్చు. కాని మోటారుతో కదిలే కిటికీ అద్దాలు నేడు పెళ్లిళ్లకు మాట్లాడుకునే కార్లలోనూ ఉన్నాయి. కనుక ఈ సంగతి మన ఇళ్లన్నింటికీ సంబంధించినదే.

మూసుకునే తలుపుకు పసివాడి చేయి అడ్డుపడితే యంత్రానికి ఎలా తెలుస్తుంది? బోరుబావి ఉన్న రైతుకు ఇది సులభంగా బోధపడుతుంది. మోటారు బిగిసిపోతే స్టార్టర్ పెట్టెలోని ఆంపియర్ల ముల్లు పైకి లేస్తుంది. కారు తలుపులోని మోటారుకూ అడ్డు తగిలితే వేగం తగ్గుతుంది, విద్యుత్తు ఎక్కువగా లాగుతుంది. ఆ మార్పును సెన్సారు గుర్తించగానే మోటారు వెనుకకు తిరుగుతుంది. కొన్ని జారుడు తలుపుల అంచున ప్రత్యేకమైన రబ్బరు పట్టీ కూడా ఉంటుంది. దానిని ఏదైనా వస్తువు నొక్కితే లోపలి తీగలు ఒకదానికొకటి తాకి, ఆగమని సంకేతం పంపుతాయి.

ఇక్కడొక విషయం గమనించాలి. ఈ సెన్సార్లు ముందుగా చూసి ఆగేవి కావు, తగిలిన తరువాత ఆగేవి. వాటంతటవే మూసుకునే అద్దాల విషయంలో ఐక్యరాజ్యసమితి 21వ వాహన నిబంధన ఒక హద్దు విధించింది. 4 నుండి 200 మిల్లీమీటర్ల వరకు గల సందులో అద్దం నొక్కే బలం 100 న్యూటన్లకు మించకముందే అది వెనుదిరగాలి. అంటే సుమారు పది కిలోల బరువుతో సమానం. అది ఎముకను కాపాడవచ్చునేమో గాని నొప్పిని తప్పించదు. అంతకన్నా సన్నని సందులో ఇరుక్కున్న దుపట్టా అంచును సెన్సారు గుర్తించకపోవచ్చు.

మరొక సంగతి మరింత ముఖ్యమైనది. ఒకసారి మీట తాకితే పూర్తిగా మూసుకునే అద్దానికే ఈ రక్షణ ఉంటుంది. మీట నొక్కి పట్టుకున్నంతసేపే కదిలే అద్దానికి సాధారణంగా ఉండదు. అనేక కార్లలో ఈ రక్షణ డ్రైవరు వైపు అద్దానికే పరిమితం. పిల్లలు కూర్చునేది మాత్రం వెనుక!

కాబట్టి కొనేటప్పుడే ఏ అద్దానికి రక్షణ ఉన్నదో అడిగి తెలుసుకుందాం. చుట్టిన మెత్తని గుడ్డను అడ్డుపెట్టి పరీక్షించవచ్చు, చేతితో మాత్రం ఎన్నడూ వద్దు. బ్యాటరీ మార్చిన తరువాత కొన్ని బండ్లలో ఈ ఏర్పాటును తిరిగి సరిచేయించవలసి ఉంటుంది. ఇక్కడి ఎర్రదుమ్ము అద్దాల గాడిలోను, తలుపు పట్టాలలోను పేరుకోకుండా తుడుచుకోవాలి. వెనుక అద్దాలకు తాళం వేసే మీటను పిల్లలు ఎక్కిన వెంటనే నొక్కాలి. తాళంచెవి బండిలో వదలి, పిల్లలను లోపల ఉంచి దిగరాదు.

పిల్లలు మన చేతికి అప్పగించబడిన అమానత్. సెన్సారు మనకు తోడు మాత్రమే, కాపలా బాధ్యత మనదే. తలుపు మూసేముందు ఒక్కసారి వెనుదిరిగి చూసి, "చేతులు లోపలికి తీసుకోండి" అని చెప్పడం ప్రతి ఇంటా అలవాటు కావాలి.