వాచ్‌లో పేస్ స్క్రీన్ తీసేశాకే ఐదో వారం దాటా

ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు. కౌచ్ టు 5కె మొదలుపెట్టిన రోజు ఇంటర్వల్స్ పక్కనపెట్టి, ఒక్క ఊపులో ఆ చివరి దాకా వెళ్లిపోతాననుకున్నా. సగం దాటకముందే రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డా.

1996లో జోష్ క్లార్క్ తయారుచేసిన ఈ ప్లాన్ 9 వారాలు, వారానికి 3 రోజులు. మొదటి వారం 60 సెకన్లు జాగింగ్, 90 సెకన్లు నడక, అలా 20 నిమిషాలు. జాగింగ్ అని ఉంది, స్ప్రింట్ అని లేదు. నేనేమో వాచ్‌లో పేస్ నంబర్ తగ్గించడమే గేమ్ అనుకున్నా. ఐదో వారం మూడో రోజు నడక లేకుండా ఏకంగా 20 నిమిషాలు. అక్కడ దొరికిపోయా. పిక్కలు పట్టేసి, మెట్లు దిగడం కూడా కష్టమైంది.

ఇక్కడ గ్యాడ్జెట్ సంగతి చెప్పాలి. లైవ్ పేస్ అనేది జీపీఎస్ లెక్క. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద పరిగెత్తి చూడండి, నంబర్ ఎగిరెగిరి పడుతుంది. మణికట్టు సెన్సార్ పచ్చ లైటుతో రక్తప్రవాహం చూసి పల్స్ లెక్కేస్తుంది. స్ట్రాప్ వదులైతే ఒక్కోసారి అడుగుల లయనే హార్ట్ రేట్‌గా చూపిస్తుంది. పైగా మన బెజవాడ ఉక్కపోత. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అదే స్పీడుకి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. జనవరి పేస్‌ని మే నెలలో ఆశించడం మన తప్పే.

అందుకే పేస్ స్క్రీన్ తీసేసి, ఇంటర్వల్ వైబ్రేషన్ ఒక్కటే ఉంచా. పరిగెడుతూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే స్పీడ్ కరెక్టే. ఐదో వారం మళ్లీ మొదటి నుంచి చేశా. పొద్దున్నే 5:30కి, బందరు కాలువ పక్కన, వాకింగ్‌కొచ్చిన ఓ పెద్దాయన నన్ను దాటిపోయినా పట్టించుకోలేదు. (సరే, కొంచెం పట్టించుకున్నా.) 20 నిమిషాలకి వాచ్ వైబ్రేట్ అయింది. ఇంకా ఊపిరి మిగిలే ఉంది.